పది ఇళ్ల బాధ్యత

(షోలాపూర్‌లో మిల్లు, సాంచా, బీడీ కార్మిక కార్యకర్తల తరగతిలో ఒక పాత కార్మికుడు చేసిన ప్రసంగ పాఠం)



పొద్దంతా సాంచాల మీద నిలబడి, ఇంటికి కూడా పోకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. ఇంకొందరు రాత్రి పాళీకి పోవాలి. కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా విషయానికి వస్తాను.

ఎన్నికల ప్రచారం అనగానే మనకు జీపు, మైకు, జెండాలు, ఊరేగింపు గుర్తుకొస్తాయి. అవి వద్దని నేను అనను. కానీ డబ్బున్న పార్టీలకు మనకన్నా పది జీపులు ఎక్కువే ఉంటాయి. వాళ్లు డబ్బుతో కొనలేనిది మన దగ్గర ఒక్కటే ఉంది. కార్మికుడి ఇంటికి కార్మికుడే పోయి, చాప మీద కూర్చుని, ఆ ఇంటి కష్టం వినగలడు. మన ప్రచారానికి బలం అదే. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదీ ఇదే.

ముందు నా తప్పు ఒకటి చెబుతాను. నేను కార్యకర్తగా చేరిన కొత్తలో ఎన్నికలు వచ్చాయి. నెల రోజులు గొంతు పోయేదాకా నినాదాలు ఇచ్చాను. మా గల్లీలో ప్రతి గోడ మీదా రాశాను. పోలింగు రోజు పొద్దున్నే బూతు దగ్గర నిలబడితే, బీడీలు చుట్టే ఒక అవ్వ, ఆమె ఇద్దరు కోడళ్లు వెనక్కి తిరిగి వస్తున్నారు. ముగ్గురి పేర్లూ జాబితాలో లేవు. మధ్యాహ్నానికి మా ఒక్క గల్లీలోనే అలాంటివాళ్లు పదకొండు మంది తేలారు. అవ్వ నన్ను తిట్టలేదు. "గోడ మీద రాయడానికి మా ఇంటి ముందుకే వచ్చినవు గద కొడుకా, లోపలికి వచ్చి ఒక్క మాట అడిగితే అయిపోవు" అన్నది, అంతే. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

గోడకు రంగు పూశాను, గోడ వెనక మనిషిని చూడలేదు. మీరు ఆ తప్పు చేయకండి.

ఇక మన ఊరి అనుభవం చూడండి. బీడీ కార్మికుల ఇళ్ల కోసం మన షోలాపూర్ స్త్రీలు ఏళ్ల తరబడి పోరాడారు. 2006లో కుంభారిలో 10 వేల ఇళ్లు వచ్చాయి. ఆ కాలనీకి గోదూతాయి పరూలేకర్ పేరు పెట్టుకున్నాం. ఎవరీ గోదూతాయి? 1945లో ఠాణే జిల్లాలో వార్లీ ఆదివాసులను వెట్టి చాకిరీకి ఎదురు నిలబెట్టిన నాయకురాలు. పట్నంలో చదువుకున్న మనిషి అడవి పల్లెలకు పోయి, వార్లీల గుడిసెల్లో ఉండి, వాళ్ల గంజే తాగి, వాళ్ల మాట విన్నది. ఉద్యమం ఆ గుడిసెల్లోంచి లేచింది. మన కాలనీకి ఆ పేరు ఊరికే పెట్టలేదు.

ఇంకొక లెక్క చెబుతాను, రాసుకోండి. మన తెలుగు పేటల మనిషి నర్సయ్య ఆడం మాస్టర్ 1978లో శాసనసభకు గెలిచారు. మళ్లీ గెలిచింది 1995లో. ఆ తర్వాత 2004లో. మొదటి గెలుపుకూ రెండో గెలుపుకూ మధ్య 17 ఏళ్లు. ఆ 17 ఏళ్లూ రేషన్ కార్డుకనీ, పగారు బాకీకనీ, ప్రావిడెంట్ ఫండుకనీ జనం వెంట తిరిగిన కార్యకర్తలు లేకపోతే 1995 వచ్చేదా?

2009లో ఆ సీటు పోయింది. అయినా పని ఆగిందా? కుంభారిలోనే రేనగర్‌లో అసంఘటిత కార్మికుల కోసం 30 వేల ఇళ్ల పథకం నడిచింది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సొమ్ముకు కార్మికుల సొంత వాటా తోడైంది. 2024 జనవరిలో 15 వేల ఇళ్లు అప్పగించారు. అప్పుడు ఆ సీటు మన చేతిలో లేదు. సీటు ఉన్నా లేకున్నా కదిలే సంఘం ఉంటేనే ఏ ప్రభుత్వమైనా మన మాట వింటుంది. ఓడినా, గెలిచినా, మర్నాడు మళ్లీ అదే గడపకు పోయేవాడే కార్యకర్త.

ఇప్పుడు పని సంగతి.

మొదటిది, ఒక్కొక్కరికి పది ఇళ్లు. ఇరవై వద్దు, యాభై అసలే వద్దు. పది ఇళ్లయితే పేర్లు గుర్తుంటాయి, కష్టాలు గుర్తుంటాయి. మొదటిసారి పోయినప్పుడు ఓటు అడగవద్దు. పని ఎట్లా ఉంది, పగారు సరిగా వస్తున్నదా, పిల్లలు బడికి పోతున్నారా అని అడగండి. విన్నది నోటుబుక్కులో రాయండి. రెండోసారి పోయినప్పుడు, మొదటిసారి విన్న దాని మీద మనం ఏం చేశామో చెప్పండి. ఏమీ చేయలేకపోతే అదీ చెప్పండి. అబద్ధం మాత్రం చెప్పకండి.

రెండోది, ఓటర్ల జాబితా. ఎన్నికల ప్రకటన వచ్చేదాకా కూర్చోవద్దు. 2022 నుంచి ఏడాదికి నాలుగు తేదీలు లెక్కలోకి వస్తున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1. ఆ తేదీకి 18 నిండిన పిల్లల చేత 6వ నంబరు ఫారం నింపించండి. కిరాయి ఇల్లు మారినవాళ్లకు, కొత్త కాలనీకి పోయినవాళ్లకు 8వ నంబరు ఫారం. ఇల్లు మారితే ఓటు దానంతటది మారదు.

మూడోది, భాష. మన ఇళ్లలో తాతకు తెలుగు చదవవస్తుంది, మనవడికి మరాఠీయే వస్తుంది. కరపత్రం రెండు భాషల్లోనూ ఉండాలి. మాట మాత్రం మన ఇంటి తెలుగులోనే చెప్పండి. పక్క గల్లీలోని కన్నడ, ఉర్దూ కార్మికులకు వాళ్ల భాషలో చెప్పగలవాళ్లను వెంట తీసుకుపొండి. సాంచా దగ్గర అందరి చెమటా ఒక్కటే.

నాలుగోది, పోలింగు రోజు పగారు. లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల రోజున కార్మికుడికి పగారు కోయకుండా సెలవు ఇవ్వాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షను చెబుతుంది. రోజు కూలీకి కూడా ఇది వర్తిస్తుంది. చాలా కార్ఖానాల్లో ఈ సంగతి కార్మికుడికి తెలియదు, సేఠు చెప్పడు. వారం ముందే గేటు మీటింగు పెట్టి చెప్పండి.

ఐదోది, బూతు. ఏజెంటుగా కూర్చునేవాడు తెల్లవారకముందే లేవాలి. ఓటింగు మొదలయ్యే ముందు యంత్రాన్ని పరీక్షించడానికి కనీసం 50 ఓట్లు వేసి చూపిస్తారు, అప్పుడు అక్కడ ఉండాలి. ఓటింగు ముగిశాక ఎన్ని ఓట్లు పడ్డాయో రాసి ఇచ్చే 17సి ఫారం నకలు చేతిలో పడనిదే బయటికి రావద్దు.

ఒక్క మాట అక్కలకు. ఇంటింటికీ పోయే పనిలో మగవాళ్లకన్నా మీరే ముందున్నారు. అయినా కమిటీ పెట్టేటప్పుడు మగవాళ్ల పేర్లే రాస్తున్నాం. ఇది మా తప్పు. చాయ్ పెట్టడానికి, సభలో కుర్చీలు నింపడానికి కాదు మీరు వచ్చింది. బూతు బాధ్యత, జాబితా బాధ్యత మీరు అడిగి తీసుకోండి. అడిగితే కాదనే ధైర్యం మాకు లేదు!

మిత్రులారా, ఈ తరగతి అయ్యాక బయట బల్ల మీద గల్లీల వారీగా కాగితాలు పెట్టాం. ఒక్కో కాగితం మీద పది ఇళ్లు ఉన్నాయి. మీ గల్లీ కాగితం తీసుకుని, సంతకం చేసి పొండి. వచ్చే ఆదివారం ఇక్కడే కలుద్దాం. ఎంతమందికి దండం పెట్టారని అడగను. ఎన్ని ఇళ్లలో కూర్చున్నారు, ఏం విన్నారు అనే అడుగుతాను.

నా గల్లీ కాగితం నేను తీసుకున్నాను. అందులో మొదటి ఇల్లు ఆ అవ్వదే. అవ్వ ఇప్పుడు లేదు. కోడళ్లు ఉన్నారు. రేపు సాయంత్రం వాళ్లింటికి పోతున్నాను.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!