ఆడపిల్లకూ ఒక మైదానం

(చంద్రగిరిలో జరిగిన సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో మమ్మల్ని చదువు గురించి మాట్లాడమంటారు. ఈసారి ఆడపిల్లల ఫుట్‌బాల్ గురించి మాట్లాడతామని కార్యదర్శిగారితో అంటే, ఆయన నవ్వి, "మాస్టర్ సాబ్, పెద్దలు ఏమంటారో చూసుకోండి" అన్నారు. ఏమన్నా వినడానికి సిద్ధపడే వచ్చాము.

ముందు మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కింద మా దగ్గర ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. మగపిల్లలు ఆడుకుంటూ ఉంటే బంతి గోడ దాకా దొర్లుకుంటూ వచ్చేది. ఆ అమ్మాయి దాన్ని చేత్తో తీసేది కాదు, కాలితో తన్నేది. అది నేరుగా అడిగినవాడి కాళ్ల దగ్గరకే పోయేది. వ్యాయామం పంతులుగారు చూసి ముచ్చటపడి, తిరుపతిలో జరిగే ఎంపికలకు ఆమె పేరు రాశారు. వాళ్ల అబ్బా వచ్చి ఒకే ఒక మాట అడిగాడు: "వెంట ఎవరు పోతారు సాబ్?" మా దగ్గర జవాబు లేదు. జాబితాలో ఆ పేరు మా కలంతోనే కొట్టేశాము. ఆ తండ్రిది తప్పని మేము అనము. తోడుగా పంపడానికి ఒక ఆడమనిషిని చూడలేకపోయింది మేమే. ఆ తర్వాత బంతి గోడ దగ్గరకు వచ్చినా ఆ అమ్మాయి తన్నలేదు. ఆ సంగతి మాకు ఇవాళ్టికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఫుట్‌బాల్ మనది కాదని ఎవరూ అనడానికి లేదు. హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ మాలాగే బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టునూ, భారత జట్టునూ తీర్చిదిద్దింది ఆయనే. ఆయన శిక్షణలోనే మన దేశం 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వచ్చింది, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సరు. మరుసటి ఏడాది, 1963లో, అల్లాకు ప్రియులయ్యారు. మొన్న 2024లో ఆయన మీద సినిమా వస్తే మనవాళ్లంతా గర్వపడ్డాం. గర్వపడ్డాం సరే, ఆ గర్వంలో మన ఇంటి ఆడపిల్లకు వాటా ఎంత?

ఇప్పుడు మన తెలుగు నేల సంగతి చూడండి. నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య సేద్యం చేసుకునే లంబాడా ఇంటి పిల్ల. మైదానం అంచు వెంబడి పరుగెత్తి బంతిని ముందుకు తీసుకుపోయే వింగర్ ఆమె. కేరళలో గోకులం జట్టుకు ఆడింది, క్రొయేషియా దేశం పోయి డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడింది. 2024-25లో ఈస్ట్ బెంగాల్ జట్టు భారత మహిళా లీగు గెలిచినప్పుడు అందులో ఉంది. 2025లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నుకున్నది. తండా ఎక్కడ, జాగ్రెబ్ ఎక్కడ!

ఇంకొక అమ్మాయి బెంగాల్‌లోని కల్యాణికి చెందిన సంగీతా బాస్ఫోర్. ఈమె మిడ్‌ఫీల్డర్. అంటే నడిమి ఆటగత్తె. వెనుకవాళ్ల దగ్గర బంతి అందుకోవాలి, ఎదుటివాళ్ల కాళ్ల నుంచి లాక్కోవాలి, ముందువాళ్లకు అందివ్వాలి. అందరికంటే ఎక్కువ పరుగు ఆమెది, చప్పట్లు మాత్రం గోలు కొట్టినవాళ్లకు. కానీ 2025 జూలై 5న థాయిలాండ్‌లోని చియాంగ్ మై పట్టణంలో ఆ నడిమి అమ్మాయే రెండు గోళ్లూ కొట్టింది. థాయిలాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి, అర్హత పోటీల్లో గెలిచి మన అమ్మాయిలు ఆసియా కప్పుకు పోవడం అదే మొదటిసారి.

"ఆట కూడు పెడుతుందా సాబ్?" అని అడుగుతారు. అడగాల్సిన మాటే. 2023లో ఫుట్‌బాల్ సమాఖ్య ఒక నిర్ణయం చేసింది: మహిళా లీగు క్లబ్బు ఒక్కొక్కటి కనీసం పదిమంది భారతీయ క్రీడాకారిణులతో ఒప్పందం చేసుకోవాలి, ఏటా తక్కువలో తక్కువ 3 లక్షల 20 వేల రూపాయలివ్వాలి. రైల్వేలోనూ పోలీసులోనూ క్రీడల కోటా ఉంది. అందరికీ దొరకదు, నిజమే. మేము చదువు మానిపించమనడం లేదు. చదువుతోపాటే ఆడనివ్వండి అంటున్నాము.

రెండో ప్రశ్న దీన్ గురించి. ప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర.అ.)తో పరుగుపందెం వేశారని హదీసులో ఉంది. మొదటిసారి ఆమె గెలిచారు, తర్వాత ఒకసారి ఆయన గెలిచారు. ఇక బట్టల మాట. 2011లో తలకు గుడ్డ కట్టుకున్నారని ఇరాన్ అమ్మాయిలను ఒలింపిక్ అర్హత పోటీలో ఆడనివ్వలేదు. 2014లో ఆ నిబంధనే మారిపోయింది. 2023 ప్రపంచ కప్పులో మొరాకో క్రీడాకారిణి నౌహైలా బెంజినా హిజాబ్‌తోనే ఆడింది. ఆడపిల్లకు అడ్డు చెప్పింది మనమొక్కరమే అనుకోకండి. ఈ ఆటను లోకానికి నేర్పిన ఇంగ్లండు వాళ్లే 1921లో తమ మైదానాలు ఆడవాళ్లకు మూసేసి, యాభై ఏళ్ల దాకా తెరవలేదు. వాళ్లు తప్పు దిద్దుకున్నారు. మనమూ దిద్దుకోవచ్చు.

సొసైటీని మేము అడిగేవి మూడే. వారానికి రెండు సాయంత్రాలు ఒక గంటసేపు మైదానం ఆడపిల్లలకే ఉండేటట్టు మాట్లాడి పెట్టండి. రెండు బంతులు, పది జతల బూట్లు కొనండి. పోటీలకు పోయేటప్పుడు పిల్ల వెంట అమ్మో, పెద్దమ్మో, ఖాలా నో పోవడానికి బస్సు ఛార్జీలు ఇవ్వండి. జకాత్ సొమ్ము ముట్టుకోవద్దు, దాని హక్కుదార్లు వేరు. విరాళాల నిధిలో నుంచి ఇస్తే చాలు. మొదటి చందా మేమే ఇస్తున్నాము.

"వెంట ఎవరు పోతారు?" అని రేపు ఇంకొక తండ్రి అడుగుతాడు. ఆ రోజు మా దగ్గర ఒక పేరు ఉండాలి. ఇవాళ ఈ సభ ముగిసి లేచిపోయే ముందు, పరదా వెనుక నుంచి ఒక్క తల్లి "నేను పోతాను" అంటే, ఆ జాబితాలో ఇక ఏ పేరూ కొట్టెయ్యనక్కరలేదు.

అల్లా మన పిల్లలకు ఆరోగ్యమూ, ఇల్మూ, ధైర్యమూ ఇచ్చుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.