గృహజీవన పత్రికలో కొలువు: మా మనవి
(వార్షిక మహాసభయందు గావించిన ప్రసంగము)



గోదావరీ మండలములందు వెలువడు గృహజీవన మాసపత్రికలో పనిచేయువారి స్థితిగతులను గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. పత్రిక యనగానే శాసనసభలును, ఎన్నికలును తలపునకు వచ్చును. మాది అట్టి పత్రిక కాదు. చీరలు, నగలు, పిండివంటలు, పెండ్లిపందిళ్లు, పెరటితోటలు, ఇంటి కట్టుబడి, ఇవియే మాకు విషయములు. "ఇందులో కష్టమేమున్నది?" అని పలువురు మమ్మడుగుచుందురు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పి, పిమ్మట మీతో ఒక మనవి చేసికొందుము.

ఈ పని మన సీమకు క్రొత్తది కాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించిరి. రాజమహేంద్రవరమున అచ్చుకూటము లేనందున అది మొదట చెన్నపట్టణమున అచ్చుపడుచుండెను. 1883లో వారే స్త్రీలకొఱకు సతీహితబోధినిని వెలువరించిరి. 1902లో ఏలూరున సత్తిరాజు సీతారామయ్యగారు హిందూసుందరిని ఆరంభించిరి. మొసలికంటి రమాబాయమ్మగారు, వెంపల్లి శాంతాబాయిగారు దానికి సంపాదకులైరి. ఇంటిమాట పత్రికకు తగని మాటయని ఆ మహనీయులు తలంచియుండినచో ఆ పత్రికలు పుట్టియే యుండవు.

ఇక మా పని తీరు వినుడు. సంక్రాంతి సంచికకు కార్తికమాసముననే పని మొదలిడవలెను. శ్రావణపు పెండ్లిండ్ల సంచిక ఆషాఢముననే సిద్ధము కావలెను. ఆత్రేయపురపు పూతరేకులను గూర్చి ఒక్క పుట వ్రాయుటకైనను ఆ యూరికి పోయి, బోర్లించిన కుండ క్రింద మంట పెట్టుటయు, పలుచని బియ్యపుపిండి నీటిలో తడిపిన గుడ్డను కుండపై పఱచి రెప్పపాటులో తీయుటయు కన్నులార చూడవలెను. ఆ రేకులకు 2023లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. గుర్తింపు వార్త వ్రాయుట సులభమే. కొలతలు వ్రాయుట కష్టము. మేము వ్రాసిన పాళ్లను నమ్మి ఎక్కడనో ఒక గృహిణి పొయ్యి వెలిగించును. అందొక కొలత తప్పినచో ఆమె నెయ్యియు, బెల్లమును, ఆమె పూటయు వ్యర్థమగును. కావుననే ప్రతి వంటకమును రెండిండ్ల వంటశాలలలో చేయించి చూచినగాని అచ్చునకు పంపము.

ఉప్పాడ జాందానీ చీరల విషయమును అట్టిదే. మగ్గముపై పువ్వును చేతితో ఎక్కింతురు. చీర వెనుకవైపునను ఆ పువ్వు ముందువైపున వలెనే కనబడును. ఒక్క చీరకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. ఆ చీరలకు 2009లో గుర్తింపు వచ్చినది. యంత్రముపై నేసిన చీర బొమ్మ క్రింద మేము 'ఉప్పాడ' అని అచ్చొత్తించినచో ఎవరికి నష్టము? కొన్న యామెకు డబ్బు నష్టము. నేసిన వానికి అన్నమే నష్టము.

నరసాపురపు లేసు అల్లికను చూడుడు. క్రైస్తవ మిషనరీల మూలమున పందొమ్మిదవ శతాబ్దమున ఈ పని మన డెల్టాకు వచ్చినది. మేరియా మీస్ అను జర్మను విదుషి ఈ స్త్రీలను గూర్చి 1982లో గ్రంథము ప్రకటించెను. దినమునకు ఎన్నో గంటలు అల్లుచున్నను వారిని పనివారని లోకము లెక్కింపక గృహిణులనియే యెంచుచున్నదని ఆమె చూపెను. బల్లపై పఱచిన లేసు బొమ్మను రంగులలో ముద్రించి, అల్లిన చేతికి దక్కిన కూలిని గూర్చి మౌనము వహించిన పత్రిక సగము సత్యమునే చెప్పినదగును.

అయితే అసలు కష్టము వేఱొకచోట నున్నది. చందాల వలన వచ్చు సొమ్ము కాగితమునకును అచ్చుకూలికిని చాలదు. నగల దుకాణములు, బట్టల దుకాణములు, కల్యాణమండపములు ఇచ్చు ప్రకటనలే మాకు జీవనాధారము. వారియెడ మాకు కృతజ్ఞత గలదు. కాని ప్రకటనను ప్రకటనగా గాక వ్యాసముగా ముద్రింపుమని కొందఱు కోరుదురు. ఒక వర్తకుడు తన సరకును 'మా సంపాదకులు మెచ్చినవి' అను శీర్షిక క్రింద వేయుమనెను. మేము సమ్మతింపకపోగా ఆరు నెలల ప్రకటనలను మానుకొనెను. ఆ నెలలలో మా కార్యాలయమున జీతములు ఆలస్యమైనవి. ఆయన సొమ్ము ఆయనది. దానిని మేము తప్పుపట్టము. కాని పాఠకురాలి నమ్మకము మాది కాదు, ఆమెది. ఆమె సొత్తును మేమెట్లు విక్రయింతుము?

ప్రకటనకును వార్తకును భేదము స్పష్టముగా తెలియవలెనని భారత పత్రికామండలి నియమములును చెప్పుచున్నవి. కొన్ని రోగములను మాన్పుదుమను మందుల ప్రకటనలను 1954 నాటి చట్టము నిషేధించినది. వివాహమునకు ప్రతిఫలముగా ఆస్తిలో భాగమిత్తుమను ప్రకటనలను, 1961 నాటి వరకట్న నిషేధచట్టమునకు 1986లో చేర్చిన నిబంధన నిషేధించినది. సంబంధముల పుటలు వేయు మన సంఘపు సంచికలకును ఇది వర్తించును.

మఱియొక మాట. "మనవారి పెండ్లిండ్లనే ముందు వేయుడు, మన పెద్దల భవనములనే చూపుడు" అని మన పోషకులలోనే కొందఱు ప్రేమతో అడుగుదురు. పత్రిక గోదావరి కాలువ వంటిది. ధవళేశ్వరపు ఆనకట్ట నుండి వచ్చిన నీరు ఒక్కరి చేనికడనే నిలిచినచో దిగువ చేలు ఎండును. అదిగాక, లక్షలు పోసి వేసిన పందిళ్ల బొమ్మలే నెలనెలకు చూచుచుండిన సామాన్య గృహస్థుడు తన కూతురు పెండ్లికి అప్పు చేసియైనను అట్టి పందిరినే వేయగోరును. ఆ అప్పులో మా సిరాకును పాలున్నది. పొదుపుగా చక్కగా జరిగిన పెండ్లియు మా పుటలకెక్కవలెను.

కావున మా మనవి యిది. పోషకులారా! ప్రకటనలిండు, వానిని ప్రకటనలుగానే ఉండనిండు. ఉచితప్రతి నడుగుటకు మాఱుగా చందా కట్టుడు. మీ యింటి ఆడపడుచులచేతను కోడండ్రచేతను వ్రాయింపుడు. వారు మమ్ము మెచ్చుచు వ్రాయనక్కఱలేదు, మా తప్పులెన్ని వ్రాసినను మాకు మేలే. హిందూసుందరి కాలమున స్త్రీల చేతికి వచ్చిన కలము నేడు ప్రకటనదారు చేతికి పోకుండ కాపాడుట మనయందఱి భారము.