బల్లమీది యుద్ధము

సేనలను ఆటలో నడుపుట చదరంగమెరిగిన మనకు క్రొత్త కాదు. కాని ఇంగ్లండున పెరిగిన బల్లమీది యుద్ధక్రీడలో గళ్ళు లేవు. కొలబద్ద నడకను నిర్ణయించును. పాచికలు అదృష్టమును తేల్చును.

1913లో హెచ్.జి. వెల్స్ రచించిన 'లిటిల్ వార్స్' ఈ క్రీడకు ప్రసిద్ధి తెచ్చెను. నాటి సిపాయిలు లోహపుబొమ్మలు. పెద్ద దండును కూర్చుట సామాన్యునకు భారము. 1959లో ఎయిర్‌ఫిక్స్ సంస్థ అంగుళమునకు లోపు ఎత్తుగల ప్లాస్టిక్ సిపాయిలను పెట్టెలలో అమ్మనారంభించెను. కొద్ది షిల్లింగులకే ఒక చిన్న దళము చేతికి వచ్చెను.

ఆ మెత్తని ప్లాస్టిక్కుపై రంగు తేలికగా నిలువదు. కావున బొమ్మలను సబ్బునీట కడిగి, ఆరిన పిదపనే రంగు పూయవలెను. తల కోసి, వేరొక తలను సన్నని సూదితో గ్రుచ్చి నిలిపినచో, ఒక దేశపు సైనికుడు మరియొక దేశమువాడగును.

ఒక బొమ్మ 33 మందికి ప్రతినిధి యనుకొందము. 1815లో వాటర్లూ వద్ద నెపోలియను నడిపిన సుమారు 72 వేల సేనకు దాదాపు 2,200 బొమ్మలు కావలెను. లోహమున అది ధనికుల వేడుక. ప్లాస్టిక్కున నలుగురు మిత్రులు కూడిన చాలును.

నిజయుద్ధమెంతటి అవివేకమో ఈ ఆటయే బోధించునని వెల్స్ వాదించెను. మరుసటి యేడే, 1914లో, మహాయుద్ధము వచ్చిపడెను. 1962లో 'వార్ గేమ్స్' వ్రాసి ఈ క్రీడను వ్యాపింపజేసిన డోనాల్డ్ ఫెదర్‌స్టోన్ రెండవ ప్రపంచయుద్ధమున సైనికుడుగా పనిచేసినవాడే. బల్లమీద కూలిన సిపాయి మరునాటి ఆటకు లేచి నిలుచును. రణభూమిని కూలినవాడు లేవడు. పిల్లలకు బొమ్మలతోపాటు ఈ భేదమును గూడ అందీయవలెనని మేము తలంతుము.