ఔషధముగా గంజాయి

గంజాయి యను మాట చెవిని పడగానే మనకు పోలీసు సోదాలును, విశాఖ మన్యపు దారులలో పట్టుబడిన మూటలును జ్ఞప్తికి వచ్చును. ఆ భయము అకారణము కాదు. అయితే ఈ మొక్కకు మరియొక చరిత్ర కూడ కలదు.

కలకత్తా వైద్య కళాశాలలో ఆచార్యుడుగా నుండిన విలియం బ్రూక్ ఓషానెసీ, గంజాయి సారమును మొదట జంతువులకు, పిదప రోగులకు ఇచ్చి చూచి, 1839 లో ఫలితములను ప్రకటించెను. ఆ రోగులలో ధనుర్వాతముతో బిగిసిపోయినవారును, మూర్ఛలు ఆగని పసిబిడ్డయు ఉండిరి. ఎడతెగక సేవించువారికి కలుగు ఉన్మాదమును సైతము ఆయన దాచలేదు.

ఆ మూర్ఛల మాటయే నేడు తిరిగి వచ్చినది. ఈ మొక్కలో మత్తు నిచ్చునది టి.హెచ్.సి. అను పదార్థము. కానబిడియాల్ అను మరియొకటి అట్టి మత్తును కలిగింపదు. దానిని శుద్ధిచేసిన ద్రవమును 2018 లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ రెండు అరుదైన మొండి మూర్ఛవ్యాధులకు ఆమోదించినది. అదే యేడు నవంబరు నుండి బ్రిటనులో నిపుణవైద్యులు గంజాయి మందులు వ్రాయుటకు చట్టము అనుమతించినది. క్యాన్సరును ఇది కుదుర్చునను ప్రచారమును మేము నమ్మము. కాని క్యాన్సరు చికిత్సలో వాంతులు ఇతర మందులకు లొంగనపుడు వాడుటకై, కృత్రిమ టి.హెచ్.సి. గుళికలను అమెరికా 1985 లోనే అంగీకరించినది.

ఆ 1985 లోనే మన పార్లమెంటు మాదకద్రవ్యముల చట్టమును చేసినది. గంజాయి, చరస్సు నిషిద్ధములైనవి. ఆకుతో చేయు భంగు ఆ నిర్వచనమున చేరలేదు. మూర్ఛతో కొట్టుకొను బిడ్డ తండ్రికన్న, పండుగనాడు భంగు త్రాగువానికే వెసులుబాటు ఎక్కువ! అయినను ఆ చట్టపు ఎనిమిదవ సెక్షనులోనే వైద్య, శాస్త్రీయ ప్రయోజనములకు మినహాయింపు కలదు. మినహాయింపు ఉన్నంతమాత్రమున మందు చేతికి రాదనుటకు మార్ఫిన్ కథ చాలును.

నల్లమందును మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు ప్రభుత్వ లైసెన్సుతో పండించుచున్నారు. దానినుండి తీయు మార్ఫిన్‌ను వైద్యమునకు ఎవరును నిషేధింపలేదు. కాని ఆసుపత్రి దానిని తెచ్చుకొనుటకు పలు శాఖల లైసెన్సులు కావలసివచ్చెను. ఒకటి చేతికందు వేళకు మరియొకదాని గడువు తీరెడిది. ఈ బెడద యెందుకని పలుచోట్ల నిలువ చేయుటయే మానిరి. క్యాన్సరు రోగులెందరో ఆ నొప్పితోనే కన్నుమూసిరి. గుర్తింపు పొందిన వైద్యసంస్థకు ఒకే అనుమతి చాలునను పద్ధతికి వీలు కల్పించిన సవరణ 2014 లో వచ్చినది. అందుకు 29 ఏండ్లు పట్టినది.

గంజాయి మందుల విషయమున మేము కోరునది అంగడిలో అమ్మకము కాదు. మోతాదు ముద్రించిన సీసా, దానిని వ్రాయు నిపుణుడు, చుక్కచుక్కకు లెక్క చూపు ఆసుపత్రి కావలెను. కానబిడియాల్ సైతము కొందరిలో కాలేయమును బాధించును. కొన్ని మూర్ఛమందులతో కలిసినచో మగతను పెంచును. అందుచేత రక్తపరీక్షలు చేయుచు మోతాదు సవరింపవలసియుండును. దొంగచాటున కొని తెచ్చిన నూనెను బిడ్డకు పోయు తల్లి ఆ సంగతి వైద్యునికి చెప్పుటకే జంకును.