చంద్రుడి మీద విక్రమ్, బడిలో మన పిల్లలు



ఆగస్టు నెలలో మనకు రెండు రోజులు ముఖ్యం. 9వ తేదీ ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. 23వ తేదీ జాతీయ అంతరిక్ష దినోత్సవం. మొదటిది మనదని అందరం అంటాం. రెండోది కూడా మనదేనని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

2023 ఆగస్టు 23, బుధవారం సాయంత్రం. చంద్రయాన్-3 దిగడాన్ని దేశమంతా బడుల్లో ప్రత్యక్షంగా చూపించారు. మామూలు బడుల పిల్లలకు అది ఇంటికెళ్లే వేళ. మన హాస్టల్ పిల్లలకు స్టడీ అవర్. ఆ రోజు పుస్తకాలు పక్కన పెట్టి అందరూ తెర ముందు చేరారు. ఒక గురుకులంలో మేమూ వాళ్ల వెనక కూర్చున్నాం.

5 గంటల 44 నిమిషాలకు, సుమారు 30 కిలోమీటర్ల ఎత్తు నుంచి విక్రమ్ ల్యాండర్ దిగడం మొదలుపెట్టింది. అప్పుడు దాని వేగం సెకనుకు దాదాపు 1.68 కిలోమీటర్లు. ఆ వేగంతో పోతే తిరుపతి నుంచి చిత్తూరుకు ముక్కాలు నిమిషం చాలు. "పారాచూట్ విప్పి దించొచ్చు గదా సార్?" అని ఒక పిల్లోడు అడిగాడు. "పారాచూట్ నిలవాలంటే గాలి ఉండాల. చంద్రుడి మీద అది లేదు. ఇంజన్లను ఎదురుగా మండించి వేగం తగ్గించుకోవాల్సిందే" అన్నారు సైన్సు సారు. ఇక్కడి నుంచి మాట అక్కడికి చేరడానికే సెకను దాటుతుంది. అందుకని కెమెరాలతో, సెన్సర్లతో తన చోటు తానే చూసుకుని దిగేలా దాన్ని తయారుచేశారు. అంటే ఆ చివరి నిమిషాల్లో బెంగళూరు శాస్త్రవేత్తలు కూడా మన పిల్లల్లాగే ఊపిరి బిగబట్టి చూస్తున్నవాళ్లే.

6 గంటల 4 నిమిషాలకు విక్రమ్ నిలిచింది. హాలంతా ఈలలు, చప్పట్లు. తర్వాత ఉప ప్రాజెక్టు డైరెక్టర్ కల్పన మైకు ముందుకొచ్చి మాట్లాడుతుంటే ఆడపిల్లలు కళ్లార్పకుండా చూశారు.

సందడి సద్దుమణిగాక ఒక యానాది బిడ్డ మెల్లగా అడిగింది. "మా జేజి పుట్టిన దీవి నుంచేనా సార్, ఈ రాకెట్టు లేచింది?"

అవును తల్లీ, అక్కడి నుంచే. శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలో ఉంది. ఒక పక్క బంగాళాఖాతం, ఒక పక్క పులికాట్ సరస్సు. రాకెట్ కేంద్రం రాక ముందు ఆ అడవిలో తేనె, మూలికలు, దుంపలు సేకరించుకుని బతికింది యానాదులే. వంద సంవత్సరాల కిందటే థర్‌స్టన్ తన గ్రంథంలో శ్రీహరికోట యానాదుల గురించి రాశాడు. 1960ల చివర కేంద్రం కోసం ఆ దీవిని తీసుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. మనవాళ్లలో కొందరు కాలనీల్లో ఉండిపోయారు, కొందరు దీవి దాటి వచ్చేశారు. దేశం ఆకాశానికి ఎక్కిన మెట్టు కింద మన అడవి ఉంది. ఇది పిల్లలకు పాఠంగా చెప్పాలి. దేశం మీద కోపం పెంచడానికి కాదు, తమ వాటా ఏమిటో వాళ్లకు తెలియడానికి.

మనవాళ్లకు చంద్రుడు కొత్తవాడా? పున్నమికి, అమావాస్యకు సముద్రం పోటు ఎక్కువని వల వేసే ప్రతి యానాదికీ తెలుసు. ఆ పోటును లాగేది చంద్రుడేనని సైన్సు పుస్తకం చెబుతుంది. తాత చెప్పిందీ పుస్తకం చెప్పిందీ ఒకటేనని తెలిసిన రోజు బిడ్డకు చదువు పరాయిది కాదు.

ఇంకో మాట. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 ల్యాండర్ చంద్రుడి మీద కూలిపోయింది. శాస్త్రవేత్తలు పని ఆపలేదు. ఎక్కడ తేడా వచ్చిందో వెతికారు. కాళ్లు గట్టిపరిచారు, ఇంధనం పెంచారు. దిగే చోటును అరకిలోమీటరు చదరం నుంచి 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. తప్పిన ల్యాండర్‌కు అంత చోటిచ్చినవాళ్లం, పదో తరగతి తప్పిన బిడ్డకు ఎంత చోటిస్తున్నాం? ఇటుక బట్టీకి, మేస్త్రి పనికి పంపేస్తున్నాం. సప్లిమెంటరీకి ఫీజు కట్టి, పక్కన కూర్చోబెట్టి చదివిస్తే వాళ్లూ నిలుస్తారు.

అందుకే సంఘం తరఫున మూడు పనులు కోరుతున్నాం. వలస వెళ్లే కుటుంబాల పిల్లలను హాస్టల్లోనే ఉంచండి. కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్ లేక ఏ బిడ్డా అడ్మిషన్ పోగొట్టుకోకుండా ప్రతి కాలనీలో ఒక చదువుకున్న యువకుడు బాధ్యత తీసుకోవాలి. తొమ్మిదో తరగతి పిల్లలచేత ఇస్రో యువిక కార్యక్రమానికి దరఖాస్తు పెట్టించండి. పాకాల దగ్గర గాదంకిలో వాతావరణ పరిశోధనశాల ఉంది, శ్రీహరికోటలో ప్రయోగం చూసే గ్యాలరీ ఉంది. పిల్లలను ఒక్కసారైనా తీసుకెళ్దాం.

చంద్రయాన్-3 ప్రాజెక్టు డైరెక్టర్ వీరముత్తువేల్ విల్లుపురంలో ఒక రైల్వే టెక్నీషియన్ కొడుకు, డిప్లొమాతో మొదలైనవాడు. తెర ముందు కూర్చున్న మన బిడ్డకూ ఆ దారి ఉంది. దీవి నుంచి బయటికి వచ్చిన జేజి మనవరాలు ఇంజినీరుగా గేటు దాటి లోపలికి పోవాలి. అంతవరకు మనం చేయాల్సిన పని మిగిలే ఉంటుంది.