జంబో నేర్పిన పాఠం

నాకిచ్చిన సమయం తక్కువ, పైగా భోజనాల వేళ. కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

2004లో ముంబయిలో ఎయిరిండియా జంబో ఎక్కి నేనీ దేశం వచ్చాను. రెండు పెద్ద సూట్‌కేసులు, అందులో సగం ఆవకాయ, కందిపొడి. మీలో చాలామంది కథ కూడా ఇంచుమించు ఇదే అయి ఉంటుంది.

2024 ఏప్రిల్ 22న ఎయిరిండియా వారి జంబో చివరిసారిగా ముంబయి నుంచి బయలుదేరింది. పైలట్లు రెక్కలు అటూ ఇటూ ఊపి ఊరికి వీడ్కోలు చెప్పారు. అది వచ్చింది ఎక్కడికో కాదు, మన అమెరికాకే. ప్రయాణికులు మాత్రం లేరు.

1971లో వచ్చిన మొదటి 747కు ఎయిరిండియా అశోక చక్రవర్తి పేరు పెట్టింది. తర్వాత వచ్చిన ఒకదానికి మన కృష్ణదేవరాయల పేరు పెట్టారు. అంత రాజసం ఉన్న విమానాన్ని ఎందుకు పక్కన పెట్టారు? చేతకాక కాదు. 2020 ఫిబ్రవరి 1న వూహాన్ నుంచి 324 మందిని ఢిల్లీకి చేర్చింది జంబోయే. మారింది లెక్క. ఒకప్పుడు రెండింజన్ల విమానం, ఒక ఇంజన్ ఆగినా గంటలో ఏదో విమానాశ్రయం చేరగలిగే దారిలోనే వెళ్లాలి. అందుకే సముద్రాలు దాటడానికి నాలుగింజన్లు అక్కరకొచ్చాయి. 1985 నుంచి ఆ గంట రెండు గంటలైంది, తర్వాత మూడైంది. రెండింజన్ల 777 అదే దూరం తక్కువ ఇంధనంతో వెళ్లసాగింది.

ఇంకో సంగతి. పాత 747 కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్ల వెనుక ఫ్లయిట్ ఇంజనీరు కూర్చునేవాడు. 1989లో సర్వీసులోకి వచ్చిన 747-400లో ఆయన పని కంప్యూటర్లు చూసుకున్నాయి, కుర్చీ పోయింది. ముంబయి నుంచి ఆఖరున ఎగిరింది ఆ రకమే. ఇంజనీరును ఇంటికి పంపిన విమానం చివరికి తానూ ఇంటికెళ్లింది!

పదేళ్ల కిందట నేను పనిచేసినచోట పాత కోబాల్ ప్రోగ్రాములు తీసేసే బాధ్యత నాకిచ్చారు. వాటిని ఇరవై ఏళ్లు చూసుకున్న పెద్దాయనను అప్పటికే పంపించేశారు. కోడ్ మొత్తం చదివాం, కొత్తది రాశాం. మొదటి నెలాఖరు రాత్రే లెక్కలు తేలలేదు. తెల్లవారుజామున సిగ్గు విడిచి ఆయనకు ఫోన్ చేశాను. "నెలాఖరు ఆదివారం పడితే ఒక ఫైలు ఆలస్యంగా వస్తుంది. నేను చేత్తో ఆపి మళ్లీ నడిపేవాణ్ణి. అడిగితే ముందే చెప్పేవాణ్ణిగా" అన్నారు. అది కోడ్‌లో ఎక్కడా లేదు.

ఇప్పుడు నాకు నలభయ్యారు. కోడ్ రాసే యంత్రాలు మా ఆఫీసుకూ వచ్చాయి. నా కుర్చీ లెక్క కూడా ఎవరో వేస్తూనే ఉంటారు. భయం లేదంటే అబద్ధం. ఇంటి అప్పు ఉంది, కాలేజీకి వెళ్లాల్సిన అమ్మాయి ఉంది. అయినా ప్రతి శుక్రవారం ఒక గంట కొత్తగా చేరిన కుర్రాళ్లతో కూర్చుని, నా తలలో మాత్రమే ఉన్నవి చెబుతున్నాను. ఆ ఫోన్ నేనెత్తకముందే.

ఈ హాల్లో రిటైరైన పెద్దలు చాలామంది ఉన్నారు. భోజనాల దగ్గర వారి పక్కన కూర్చోండి. వారి పని గురించి ఒక్క ప్రశ్న అడగండి. ఎవరూ అడగక చెప్పనివి వారి దగ్గర చాలా ఉంటాయి.

సెలవు.