జ్వరం తగ్గినా తగ్గనిది
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పండుగ పూట జబ్బుల మాటేమిటని అనుకోకండి. మనలో చాలామందికి యాభై దాటాయి. కలవగానే బీపీ, షుగర్ గురించి అడుగుతాం. వైరల్ జ్వరం తగ్గాక కూడా నెలల తరబడి వదలని నీరసం గురించి, దాంతోపాటు కుంగిపోయే మనసు గురించి మాత్రం ఎవరం పైకి చెప్పుకోం. నాకిచ్చిన పది నిమిషాలూ దానికే.

ఇది కొత్తదేమీ కాదు. చికున్‌గున్యా గుర్తుందా? 2005 చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కనిపించింది. 2006లో దేశం మొత్తం మీద 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదయ్యాయి. ఆ పేరు ఆఫ్రికాలోని మకొండే భాషది. వంగిపోవడం అని అర్థం. జ్వరం వారంలో పోయింది కానీ కీళ్ల నొప్పులు కొందరిని నెలలు, కొందరిని ఏళ్లు వేధించాయి. నాట్లు వేసే మనిషి నడుం వంచలేక అరుగు మీద కూర్చుండిపోతే ఆ మనసెలా ఉంటుంది? అప్పుడు మనం మాట్లాడుకున్నది నొప్పి మాత్రల గురించే.

తర్వాత కోవిడ్. 2021 సెకండ్ వేవ్‌లో నాకూ వచ్చింది. ఇంట్లోనే తగ్గింది. ఆ తర్వాత ఏడు నెలలు మాత్రం నేను నేను కాదు. ఒక రోజు కాస్త ఎక్కువ తిరిగితే మర్నాడంతా మంచమే. డ్రాయింగ్ చదువుతుంటే కింది లైనుకు వచ్చేసరికి పై లైను గుర్తుండేది కాదు. పరీక్షలన్నీ నార్మల్. రిపోర్టులు చూసినవాళ్లందరిదీ ఒకటే మాట: "ఏమీ లేదు, మనసు గట్టి చేసుకో." వాళ్లు మంచికే అన్నారు. వినగా వినగా నాకే అనుమానం వచ్చింది, నేను నటిస్తున్నానా అని. నిద్ర పోయింది. ఉండి ఏం లాభం అనే ఆలోచన కూడా వచ్చింది. నా పిల్లలు ఈ సభలోనే ఉన్నారు, అయినా చెబుతున్నాను.

మోటారును లోడు లేకుండా తిప్పితే రీడింగులన్నీ బాగానే ఉంటాయి. లోడు పెట్టినప్పుడే వేడెక్కుతుంది. పడుకోబెట్టి చేసిన పరీక్షలో దొరకనంత మాత్రాన లోపం లేదని ఇంజనీరు ఎవడూ సంతకం పెట్టడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో దీనికి నిర్వచనమిచ్చింది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు అదే ఏడాది 2,36,000 మందికి పైగా కోవిడ్ రోగుల రికార్డులు పరిశీలించారు. ఆరు నెలల్లో సుమారు మూడోవంతు మందికి నాడీ సంబంధమైన సమస్యో, మానసిక సమస్యో నమోదైంది. కొందరికది అంతకుముందే ఉంది. అయినా ఫ్లూ వచ్చినవాళ్లతో పోలిస్తే ఎక్కువే.

నన్ను కదిలించింది మన బడి స్నేహితుడే. "ఒరే, నీకలా ఉందంటే ఉన్నట్టే. డాక్టర్ దగ్గరికి నేనూ వస్తా" అన్నాడు. సైకియాట్రిస్టు నిద్రకు, దిగులుకు మందిచ్చారు. పనిని ముక్కలు చేసుకుని, అలసట రాకముందే ఆగమన్నారు. పంతానికి పోయి వ్యాయామం చేయొద్దన్నారు. మెల్లగా తేరుకున్నాను.

అందుకే మూడు మాటలు. నీరసం వదలకపోతే ముందు రక్తహీనత, థైరాయిడ్, షుగర్, బీ12 చూపించుకోండి. అవి బాగున్నా బాధ ఉంటే మనసు డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడకండి. అర్ధరాత్రి అయినా టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

గురువులకు ఒక మనవి. డెంగీ వచ్చి తగ్గి బడికొచ్చిన పిల్లవాడు మునుపటిలా చదవకపోతే వెంటనే బద్ధకమనకండి. కొన్ని వారాలు ఆటల పీరియడ్‌లో కూర్చోనివ్వండి, ఇంట్లో ఎలా ఉంటున్నాడో తల్లిదండ్రుల్ని అడగండి.

మిత్రులకూ ఒకటి. మన బ్యాచ్ గ్రూపులో రోజూ గుడ్ మార్నింగ్ పెట్టేవాడు నెల రోజులు పలకకపోతే ఫోన్ చేయండి. సలహా చెప్పకపోయినా ఫర్వాలేదు, అతను చెప్పింది నమ్మండి.